దుర్గం చెరువు అడుగుకు దిగిన రుక్కమ్మ

మియాపూర్‌లో ఏ ఇంట పెళ్లి జరిగినా, బొట్టుపళ్లెం పట్టుకుని వరుసగా వస్తున్న ఆడవాళ్లు రుక్కమ్మ ముందుకు రాగానే ఆగిపోయేవారు. పెట్టాలా, వద్దా? కుంకుమలో అద్దిన వేలు గాలిలో అలాగే నిలిచిపోయేది. పక్కనున్న ముసలమ్మల ముఖాలు చూసేవారు. ఆ ముసలమ్మలకు సరిగ్గా అప్పుడే ఇంకెక్కడో పని గుర్తుకొచ్చేది. రుక్కమ్మ నుదురు ముందుకు చాపేది కాదు, వెనక్కి తీసుకునేదీ కాదు. మీరే తేల్చుకోండి అన్నట్టు కూర్చునేది. కొందరు పెట్టేవారు, కొందరు పక్కకు జరిగిపోయేవారు. ఎవరు పెట్టారో ఎవరు పెట్టలేదో ఇంటికి వచ్చేసరికి ఆమెకు గుర్తుండేది కాదు.

ఆమె మొదటినుంచీ ఇలాంటి మనిషి కాదు. పుట్టిల్లు మణికొండ. చిన్నప్పుడే నాట్లలో చేయి తిరిగింది. మడిలో దిగితే పక్కవాళ్లకన్నా ముందు గట్టు చేరి, వెనకబడినవాళ్లను ఎగతాళి చేసేది. ఆ నోటికి భయపడే బాలనర్సయ్య ఆమెను చేసుకున్నాడని మరిది పోచయ్య అనేవాడు. బాలనర్సయ్యా తక్కువవాడు కాదు. ఎడమ కనుబొమ్మ మీద చిన్నప్పుడు ఎద్దు కుమ్మిన మచ్చ ఉండేది, దాన్ని చూపించి చిరుతపులితో కలబడ్డానని కొత్తవాళ్లకు చెప్పేవాడు. పెళ్లయిన కొత్తలో రుక్కమ్మ కూడా నమ్మింది.

పోలీస్ యాక్షన్‌కు ముందటి ఎండాకాలం అది. రజాకార్ల భయానికి ఊళ్లు కంటినిండా నిద్రపోని రోజులు. తల్లికి జ్వరమని రుక్కమ్మ మణికొండ పోయి కొన్నాళ్లు ఉండిపోయింది. తీసుకుపోవడానికి వస్తున్నానని కబురు పెట్టిన బాలనర్సయ్య రాలేదు. మర్నాడు మేకల కాపరులు దారిలోని దుర్గం చెరువు కట్ట మీద ఒక గొంగడి, జత చెప్పులు దొరికాయని తెచ్చి చూపించారు. చెప్పులు పక్కపక్కనే ఉన్నాయట, కాళ్లు కడుక్కుని ఇప్పుడే వస్తానని విడిచిపోయినట్టు. మనిషి జాడ లేదు. వలలు వేశారు, ఈతగాళ్లు దిగారు. శవం తేలలేదు.

తేలలేదంటే బురద మింగిందని ఊరు అన్నది. తేలలేదంటే నా కొడుకు బతికే ఉన్నాడని అత్త భాగ్యమ్మ అన్నది. రజాకార్ల కంట పడకుండా ఎంతమంది షోలాపూర్ దిక్కు పోలేదు? వీడూ పోయాడు. ఎవరూ వెతకకూడదని చెప్పులు కావాలనే విడిచిపోయాడు. ఇదీ ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పు పట్టడం అప్పట్లో ఎవరితరమూ కాలేదు. కానీ పోలీస్ యాక్షన్ అయిపోయింది, సరిహద్దు దాటిపోయినవాళ్లు ఒక్కొక్కరే తిరిగొచ్చారు, వాళ్ల ఇళ్ల ముందు మేకలు తెగాయి. బాలనర్సయ్య మాత్రం రాలేదు. భాగ్యమ్మ లెక్క అయినా మారలేదు. షోలాపూర్ నుంచి వచ్చాడని తెలిస్తే చాలు, గాజులమ్మేవాడినైనా సరే నిలబెట్టి, ఎడమ కనుబొమ్మ మీద మచ్చ ఉన్న మనిషిని చూశావా అని అడిగేది.

కులపెద్దలు కూర్చుని ఆలోచించారు. శవం దొరకని మనిషి కోసం పన్నెండేళ్లు చూడాలి, ఆ తర్వాతే దినాలు చేయాలి, అంతవరకు పెళ్లాం గాజులు తీయకూడదు, బొట్టు చెరపకూడదు అన్నారు. అలాగని నలుగురిలో మంచిపనికి ముందు నిలబడనూ కూడదన్నారు. రుక్కమ్మ అన్న మణికొండ నుంచి వచ్చి, దినాలు అయిపోతే చెల్లెను తీసుకుపోయి మారుమనువు చేస్తాను, మన కులంలో ఉన్నదే కదా అని అడిగాడు. ఉన్నదే, కానీ ముండమోసినదానికి ఉన్నది, మొగుడు ఉన్నదానికి ఎట్లా చేస్తావని ఆయన నోరు మూయించారు. అంత ఘనమైన తీర్పు చెప్పి, కల్లు తాగి, ఎవరి ఇంటికి వాళ్లు పోయి పెళ్లాల పక్కన పడుకున్నారు. పన్నెండేళ్లంటే ఎంతో వాళ్లకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

రుక్కమ్మ మొదట్లో ఏడ్చింది. ఆ ఏడుపు ఎప్పుడు ఆగిందో ఆమెకే తెలియదు. ఆగిన తర్వాత దాని జాగాలో ఇంకేమీ రాలేదు. పొద్దున లేచేది, వాకిలి ఊడ్చేది, మడికి పోయేది, వచ్చేది. నాట్లలో ఇప్పుడూ అందరికన్నా ముందే గట్టు చేరేది కానీ, చేరాక వెనక్కి తిరిగి చూసేది కాదు. ఒకసారి పొయ్యి మీది కుండ ఒట్టి చేతులతో దించి అలాగే పట్టుకుని నిలబడింది. పోచయ్య పెళ్లాం నీలమ్మ అరిచి, కుండ లాగేసి, అరచేతులకు వెన్న రాసింది. బొబ్బలు చూసుకుంటే రుక్కమ్మకు ఎవరి చేతులో చూసినట్టు ఉంది.

మొగుడు ఉన్నాడంటే ఎదురుచూడాలి. లేడంటే ఏడవాలి. ఆమెకు రెండింటిలో ఏదీ చేతకాకుండా పోయింది. లోపల ఆశ లేదు, దుఃఖమూ లేదు. ఈ సంగతి ఎవరితో అన్నా పాపిష్ఠిదానా అంటారని ఊరుకునేది.

పోలీస్ యాక్షన్ జరిగిన మరుసటి ఏడాది చలికాలంలో పోచయ్యకు దుర్గం చెరువు దగ్గర కూలిపని దొరికింది. చెరువు అడుగున పాత తూము ఎక్కడ పూడిందో చూడడానికి పట్నం గుత్తేదారు ఒకాయన బొంబాయి నుంచి ఒక మనిషిని రప్పించాడు. సముద్రంలో ఓడల కింద పనిచేసిన మనిషి. ఆయన తలకు రాగితో చేసిన పెద్ద టోపీ పెట్టుకుని నీళ్లలోకి దిగుతాడు. కూలీలు దాన్ని గుండిగ అనేవారు. నిజంగానే పెళ్లిళ్లలో అన్నం వండే గుండిగను బోర్లించినట్టు ఉండేది, కాకపోతే ముందు వైపు అద్దం బిగించి ఉండేది. భుజాల మీద ఆనుతుంది, కింద తెరిచే ఉంటుంది. పైన తెప్ప మీద ఇద్దరు మనుషులు గాలిమిషను కొడుతుంటే రబ్బరు గొట్టంలో నుంచి గాలి గుండిగలోకి పోతుంది. ఆ మిషను కొట్టే ఇద్దరిలో పోచయ్య ఒకడు.

ఇంటికి వచ్చి పోచయ్య చెప్పే కోతలకు హద్దు ఉండేది కాదు. మనిషి నీళ్లలో మునిగి చుట్ట కాల్చుకున్నంతసేపు ఉంటాడు, పైకి వస్తే తలవెంట్రుక కూడా తడవదు అంటే నీలమ్మ నమ్మలేదు. నమ్మకపోతే వచ్చి చూడమన్నాడు. పని లేని రోజు చూసి అందరమూ బండి కట్టుకుని చెట్ల కిందికి పోదాం, అక్కడే వండుకుని తిందాం, ఆ బొంబాయి ఆయన మంచివాడు, అడిగితే మనల్ని కూడా దింపుతాడు అన్నాడు.

దుర్గం చెరువుకు పోదామనగానే నీలమ్మ అత్త ముఖం చూసింది. పోచయ్య తప్ప ఇంట్లోవాళ్లు ఆ దిక్కు పోక ఏడాదిన్నర అయింది. ఆశ్చర్యంగా భాగ్యమ్మే తల ఊపింది. బొంబాయి ఆయన షోలాపూర్ మీదుగానే వచ్చి ఉంటాడు కదా అన్నది. ఆమె చూపు ఎటుందో అందరికీ అర్థమైంది.

పోచయ్యకు ఇంకో సంగతి తెలుసు, ఇంట్లో చెప్పలేదు. పనిలో చేరిన కొత్తలోనే అతను బొంబాయి మనిషిని చాటుకు పిలిచి అన్న సంగతి చెప్పి, కట్ట పక్కన ఒకసారి చూడమని బతిమాలుకున్నాడు. ఆయన రెండుసార్లు దిగి వచ్చి, అడుగున మోకాటిలోతు ఒండ్రు ఉంది, కాలు పెడితే చాలు పొగలా లేస్తుంది, నా చేయి నాకే కనపడదు, ఇక ఇంత కాలమయ్యాక ఏం దొరుకుతుంది అని ఉర్దూలో చెప్పాడు. పోచయ్య ఆ మాట మింగేశాడు.

బండి చందానగర్ మీదుగా, కొండాపూర్ మీదుగా పోయి రాళ్లగుట్టల మధ్య ఆగింది. నీలమ్మ కోడికూర వండింది, పోచయ్య రెండు ముంతల కల్లు తెచ్చాడు. మిషను కొట్టే రెండో కూలీతో పాటు బొంబాయి మనిషిని కూడా విస్తరి ముందు కూర్చోబెట్టారు. యాభై దాటిన మనిషి, మాటిమాటికీ చెవి గోక్కునేవాడు. నీళ్లలో ఉండి ఉండి ఒక చెవి పోయిందట. భాగ్యమ్మ ఆయన ముద్ద మింగేదాకా కూడా ఆగలేదు. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ గురించి అడిగింది, పోచయ్య ఉర్దూలోకి మార్చి చెప్పాడు. ఆయన చేయి విస్తరిలో ఆగింది. బొంబాయి చాలా పెద్దది అమ్మా, నేను చూసేది నీళ్ల కిందే ఎక్కువ అన్నాడు. భాగ్యమ్మ ఆయన విస్తరిలో ఇంకో రెండు ముక్కలు వేసింది.

తిన్న తర్వాత వినోదం మొదలైంది. ముందు పోచయ్య దిగాడు. తెప్పకు కట్టిన నిచ్చెన మీద భుజాల దాకా నీళ్లలో నిలబడితే పైనుంచి గుండిగ దించారు. దించీ దించగానే లోపలినుంచి పెద్దగా కేక వినిపించింది. తీసేస్తే ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. లోపల తన ఊపిరి తనకే ఎవరో వెంటపడుతున్నట్టు వినిపించిందట. రోజూ గాలి కొట్టేవాడివి, ఇవాళ గాలి తీయించుకున్నావు అని నీలమ్మ పడీపడీ నవ్వింది. పోచయ్య తడిసిన ధోవతి పిండుకుంటూ కల్లుముంత దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"నేను దిగుత," అన్నది రుక్కమ్మ.

ఎందుకన్నదో ఆమెకూ తెలియదు. గుండిగలో మనిషిని ఎవరూ పలకరించలేరని ఒక్కటి తోచింది. నీలమ్మ నవ్వు ఆపి, వద్దక్కా, ఆడది దిగుతుందా ఎక్కడన్నా అన్నది. పోచయ్య లేచి నిలబడ్డాడు. వదిన ఎందుకు దిగుతానంటున్నదో అతను ఇంకోలా అనుకున్నాడు. కింద ఏమీ కనపడదని చెప్పడానికి నోరు తెరిచాడు కానీ, అంతలో భాగ్యమ్మ అడ్డు వచ్చింది.

"పోనియ్యిరా," అన్నది. తర్వాత కోడలి దగ్గరికి వచ్చి నిలబడి, "పో బిడ్డా. ఆడ వాడు లేడని చూసి రా. నువ్వు చూసొచ్చి చెప్తే ఊరోళ్ల నోళ్లు మూతపడ్తయ్," అన్నది.

బొంబాయి మనిషి కాసేపు తటపటాయించాడు. ఆ తర్వాత రుక్కమ్మ చీర గోచి బిగించుకున్న తీరు చూసి సరేనన్నాడు. నడుముకు తాడు కట్టాడు. ఒకసారి లాగితే బాగానే ఉన్నానని, వరసగా లాగితే పైకి తీయమని అర్థం. నిలువుగా నిలబడాలి, తల వంచకూడదు, కిందికి వంగితే గుండిగలోకి నీళ్లు వస్తాయి అని రెండు మూడుసార్లు చెప్పించాడు. పోచయ్య గాలిమిషను పిడి పట్టుకున్నాడు. రెండో పిడి తోటికూలీ పట్టుకున్నాడు.

నీళ్లు మంచులా ఉన్నాయి. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే దిగుతుంటే పాదాల నుంచి పైకి చలి ఎక్కుతూ వచ్చింది. గుండిగ భుజాల మీద పడగానే బయటి మాటలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. మిషను కొట్టినప్పుడల్లా చెవి పక్కన గాలి బుస్సుమనేది. అద్దం ముందు నీళ్లు పైకి వచ్చాయి, పచ్చగా, ఎండవెలుతురు ఇంకా కలిసే ఉంది. ఇంకా దిగితే ఆ పచ్చదనం కూడా పోయి మురుగు రంగు వచ్చింది. పాదాలకు ఒండ్రు తగిలింది. నాట్ల మడికన్నా మెత్తగా, లోతుగా ఉంది. ఆమె నిచ్చెన వదిలి నిలబడింది.

ఏమీ కనపడలేదు. అద్దం అవతల మట్టి తెర లేచి కదులుతోంది. వంగి చూడడానికి లేదు. పాదాలతోనే అటూ ఇటూ తడిమింది, మడిలో నారుకట్ట పడిపోతే తడిమినట్టు. ఒక రాయి తగిలింది. ఇంకోటేదో కర్రముక్క. అంతకు మించి ఏమీ లేదు. భయం వేస్తుందేమోనని చూసింది, వేయలేదు. ఏడుపు వస్తుందేమోనని ఆగింది, అదీ రాలేదు. మొగుడు చచ్చిన చోట నిలబడి కూడా ఏమీ అనిపించకపోతే తాను మనిషేనా అనుకున్నది. ఆ ఆలోచన కూడా తగలకుండానే పోయింది.

అప్పుడు ఆమె అతని పేరు పలికింది. పెళ్లయిననాటి నుంచి ఒక్కసారి కూడా పలకని పేరు. మొగుడి పేరు పలికితే అతని ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పింది, అత్త చెప్పింది. ఇల్లు అడిగినవాళ్లకు కూడా నీలమ్మ బావ ఇల్లని చెప్పేది కానీ పేరు మాత్రం చెప్పేది కాదు. గుండిగలో ఎవరూ వినరు. బాలనర్సయ్య అన్నది. రాగికి తగిలి ఆ పేరు తన చెవిలోనే మళ్లీ పడింది. ఇంకోసారి గట్టిగా అన్నది. సంతలో ఎవరో ఎవరినో పిలిచినట్టు ఉంది. ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. మచ్చ గుర్తొచ్చింది, మచ్చ చుట్టూ ఉండాల్సిన మనిషి గుర్తుకు రాలేదు.

ఏడాదిన్నరకే ముఖం పోయింది. ఇంకా మిగిలిన ఏళ్లన్నీ ముఖం లేని మనిషి పేరు మీద ఈ గాజులు మోయాలి. అత్త ప్రతి గాజులవాడినీ అడుగుతుంది, తాను ప్రతి పెళ్లిలోనూ ఒక వేలి ముందు కూర్చుంటుంది. అతను నీళ్లలో ఉన్నాడా, షోలాపూర్‌లో ఉన్నాడా అన్నది ఇక తనకు అక్కర్లేదు. ఎక్కడో ఒక చోట ఉండాలి. ఉన్నాడని ఒకరు చెప్పాలి. చెప్పగలిగే మనిషి ఈ లోకంలో ఇప్పుడు తానొక్కతే, ఇక్కడ నిలబడి ఉంది.

పైనుంచి తాడు కదిలింది. ఆమె జవాబు ఇవ్వలేదు. మళ్లీ కదిలింది. ఒకసారి లాగి, ఇంకాసేపు నిలబడింది. పళ్లు ఒకదానికొకటి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు వరసగా లాగింది.

తెప్ప మీద గుండిగ తీసేసరికి అందరూ ఆమె చుట్టూ ఉన్నారు. నీలమ్మ జుట్టు పట్టుకుని చూసి, నిజంగానే తడవలేదు అని చిన్నపిల్లలా అందరికీ చెప్పింది. నిజంగానే జుట్టు పొడిగా ఉంది, ముఖం పొడిగా ఉంది, పొద్దున అద్దుకున్న కుంకుమ అద్దినట్టే ఉంది. మెడ కింది నుంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. ఒడ్డుకు చేర్చి కూర్చోబెట్టారు. భాగ్యమ్మ ఎదురుగా గొంతుకూర్చుంది.

"చూసినవా?"

"చూసిన."

"లేడు గద?"

రుక్కమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ముసలిది సంతోషంగా ఉంది. ఆ సంతోషం చూస్తే ఏడాదిన్నరలో మొదటిసారి రుక్కమ్మకు ఎవరి మీదో జాలి కలిగింది. నోట్లో మాట అక్కడే ఆగబోయింది. ఆగితే ఇక ఎప్పటికీ రాదని తెలిసి, అన్నది.

"ఉన్నడత్తా."

బొంబాయి మనిషి ఏమన్నదని పోచయ్యను అడిగాడు. పోచయ్య చెప్పలేదు. ఆయన మళ్లీ అడిగాడు. పోచయ్యకు కింద ఏం కనపడుతుందో తెలుసు, ఏం కనపడదో ఇంకా బాగా తెలుసు. ఒక్క మాట అంటే చాలు. వదిన అతని వైపు చూడలేదు, చూడకుండానే బతిమాలుకుంటున్నదని అతనికి అర్థమైంది. తల దించుకుని గాలిగొట్టం చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు.

భాగ్యమ్మ ఏడుస్తుందని, శాపాలు పెడుతుందని, అబద్ధమని మీద పడుతుందని నీలమ్మ ఆమె వెనకే చేతులు చాపి నిలబడింది. ముసలిది కదలలేదు. చెరువు వైపు ఒకసారి చూసింది. తర్వాత చాలా మెల్లగా, పసిపిల్లవాడి సంగతి అడిగినట్టు అడిగింది.

"వానికి చలి పెడ్తున్నదా ఆడ?"

"లేదత్తా," అన్నది రుక్కమ్మ. "అడుగున ఎచ్చగనే ఉన్నది."

ఆ మాట అంటుంటే ఆమె పళ్లు టకటక కొట్టుకున్నాయి. పెదవులు నల్లబడ్డాయి, చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. అణచుకుందామన్నా వణుకు ఆగడం లేదు. భాగ్యమ్మ ఆ పెదవులను చూసింది, ఆ మోకాళ్లను చూసింది.

ఆ తర్వాత ఆమె తన కొంగు తీసి కోడలి చేతులు తుడిచింది. భుజాలు తుడిచింది, మెడ తుడిచింది, ముందుకు వంగి బురద అంటిన పాదాలు కూడా తుడిచింది. కొంగు నీళ్లోడుతోంది. ఇక తుడవడానికి తడి ఎక్కడా మిగల్లేదు. అప్పుడు ఎడమచేత్తో రుక్కమ్మ గడ్డం పట్టుకుని, ఆ తడికొంగుతో పొడిగా ఉన్న నుదురును తుడిచింది.